మందు తాగిన సైంటిస్టు

ఇప్పుడు మా పత్తి చేలకు డ్రోన్‌తో మందు కొడుతున్నారు. గట్టు మీద నిలబడి టీ తాగేలోపు పని అయిపోతుంది. అయినా ఆ మందు వాసన గాలికి ఇంటిదాకా వస్తే, ఈ వయసులోనూ నాకు తల వాలిపోతుంది.

నా చిన్నప్పుడు ఆ వాసన ఒక మనిషిది. వీపున డబ్బా, మొహానికి తువ్వాలు, ఎర్రబడ్డ కళ్ళు, పచ్చటి మరకలు పడ్డ చేతులతో మా చేలకు మందు కొట్టేవాడాయన. సాయంత్రం బోరు కింద సబ్బు అరిగేదాకా రుద్దుకుంటే గాని తన రెండేళ్ళ కూతురు సువార్తను ఎత్తుకునేవాడు కాదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో, ఇంట్లో గారెలు వేగుతుండగానే, పిల్లలమంతా సత్తెనపల్లిలో ఒక డబ్బింగు సినిమాకు వెళ్ళాం. అందులో సైంటిస్టు గాజు బుడ్డిలో పచ్చటి మందు కాచి గటగటా తాగుతాడు, ఒళ్ళంతా బొచ్చు మొలిచి రాక్షసుడవుతాడు. వాడి మెడ దగ్గర రబ్బరు మొహం అతుకు కనిపిస్తూనే ఉంది. “ఒరేయ్, మొహం ఊడతందిరా, పట్టుకో!” అని వెనక బెంచీలో ఎవరో అరిస్తే హాలంతా నవ్వింది. ఎవరమూ జడవలేదు.

మర్నాడు ఆయన డబ్బాతో వస్తుంటే, “మందు తాగిన సైంటిస్టు వస్తన్నాడర్రోయ్!” అని మొదట అరిచింది నేనే. సినిమాలోదీ మందే, చేలోదీ మందే కదా మాకు. ఆయనా నవ్వి, మా కోసం చేతులు చాచి రాక్షసుడిలా నాలుగడుగులు వేశాడు. రోజూ అదే ఆట. సువార్తను చంకనేసుకుని, ఆ మాట వినగానే కెవ్వుమని మొహం దాచుకోవడం నేర్పింది కూడా నేనే.

ఒకరోజు స్నానం చేసి, తడి తలతో వచ్చి చేతులు చాచాడు. పిల్ల కెవ్వుమని నా మెడ కరుచుకుంది.

“నేనేనమ్మా, నాన్నని.”

ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయన తన అరచేతులు వాసన చూసుకున్నాడు. మళ్ళీ బోరు దగ్గరికి వెళ్ళి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. అది వాసన వల్ల కాదని నాకు తెలుసు.

ఆ పేరు ఊరంతా పాకింది. ఆ సినిమా హాలు మిరపకాయల గోడౌనయింది, ఆయనా పోయాడు. మొన్న సువార్త తన కొడుకు పెళ్ళికార్డు తెచ్చింది.

“ఈ యేసురత్నం గారెవరత్తయ్యా?” అంది మా కోడలు కార్డు చూస్తూ. నాకూ తట్టలేదు.

“మా నాన్నే అక్కా! సైంటిస్టంటే గుర్తొస్తాడుగా,” అని నవ్వింది సువార్త. “అసలా పేరు ఎవరు పెట్టారో గాని!”

కాఫీ పెడతానని లోపలికి వెళ్ళాను.