గోధుమ మరుగుజ్జుల జోకు

ప్లానెటోరియంలో వ్యాఖ్యానం చెప్పే ఆవిడ మంచి మాటకారి. గుమ్మటం కింద చీకట్లో ఎంత కొరుకుడు పడని విషయాన్నయినా నవ్విస్తూ చెప్పేది. నక్షత్రంలా మండేంత బరువు లేని 'గోధుమ మరుగుజ్జులు' అనే ఆకాశ గోళాలు జంటలుగా ఎలా ఏర్పడతాయో చెప్పడానికి ఆమె దగ్గర ఒక జోకు ఉండేది.

"ఒకే వాయుమేఘం ముక్కలై బోలెడుమంది తోబుట్టువులు పుడతారు. పెద్దవాళ్లు వాయువంతా లాగేసుకుని, చిన్నవాళ్లను కడుపు నిండకముందే బయటికి గెంటేస్తారు. అలాంటి ఇద్దరు దద్దమ్మలు ఒకరినొకరు పట్టుకుని తిరుగుతుంటారన్నమాట! వాళ్లను ఇంకెవరు చేసుకుంటారు?"

ఆ ఆదివారమూ హాలంతా గొల్లున నవ్వింది. దీపాలు వెలిగాయి. ముందు వరుసలో ఆమె తమ్ముడు, పక్కన అతని భార్య!

తమ్ముడు పరీక్ష తప్పినప్పుడు, "వీడికి చదువు దండగ నాన్నా, ఎక్కడైనా పనిలో పెట్టండి" అన్నది ఆమే. నాన్న ఫ్యాన్లు బాగుచేసే కొట్లో పెట్టాడు. అక్కడ మోటార్లకు తీగ చుట్టే అమ్మాయిని తమ్ముడు పెళ్లి చేసుకుంటే, అక్క మాత్రం సెలవు దొరకలేదని కబురంపింది. అసలు సెలవే అడగలేదు.

పక్క తలుపులోంచి జారుకుందామనుకుంది. అంతలో తమ్ముడే దగ్గరికొచ్చాడు.

"భలే చెప్పావక్కా! కడుపుబ్బా నవ్వాం."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అదే ఆమెను నిలువునా కోసింది. తిట్టినా బాగుండేది.

మరదలి ముఖంలో మాత్రం నవ్వు లేదు. "గెంటేస్తే చెరో దిక్కుకీ పోవాలి కదా వదినా, ఎలా కలిసున్నాయి?"

"బాగా దగ్గరగా తిరిగే జంటయితే విడిపోదు." అంది ఆమె. "అయినా ప్రతి జంటనీ ఎవరో గెంటేశారని చెప్పలేం. ఒక చిన్న మేఘం తన బరువుకు తానే కుంగి, రెండుగా చీలి ఉండొచ్చు. ఇంకా పూర్తిగా తేలలేదు."

"మరి దద్దమ్మలని ఎవరు తేల్చారు?"

ఆమె తల దించుకుంది. "నేనే."

"పోనీవే, ఏదో సరదాకి అంది" అని తమ్ముడు వెనకేసుకొచ్చాడు. దాంతో ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

తర్వాతి ఆటలో ఆ జోకు చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

అంతకుముందే, వాళ్లు వెళ్లబోతుంటే, "సాయంత్రం మీ ఇంటికి రానా?" అని అడిగింది. అడిగాక గానీ తట్టలేదు, ఆ ఇల్లెక్కడో తనకు తెలియదని.

"ఈ వెనక వీధేగా అక్కా, మందుల షాపు మేడమీద" అన్నాడు తమ్ముడు.

ఆమె రోజూ బస్సు దిగేది ఆ షాపు ముందే.