నేను తడిపిన గోడ

నా చిన్నప్పుడు నేను చదవడం నేర్చుకున్నది బడిలో కంటే మా నడింటి గోడ మీదే ఎక్కువ. పుంగనూరు పక్కన పల్లె మాది. పాత గార పెచ్చులుగా రాలి అన్నంలో పడుతోందని మా అవ్వ ఆ గోడ నిండా పాత పేపర్లు మైదా గంజితో అంటించింది, ఏది చేతికి వస్తే అది, ఒకదాని మీద ఒకటి. బడి పుస్తకాలు కాక ఇంట్లో చదవడానికి ఉన్నది అదే. పైవరసలు పీట ఎక్కి, కిందివరసలు బోర్లా పడుకుని చదివేదాన్ని.

అందులో ఒక కథ సగమే కనిపించేది. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ ఒక ముసలామె సంతకు పోతుంది. అన్ని ఎద్దుల మధ్య నిలబడి దాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అంతే. మిగతా కథ మీద వంటనూనె ప్రకటన అంటించి ఉండేది. ఆ ఎద్దు పలికిందో లేదోనని అన్నం తింటూ కూడా ఆలోచించేదాన్ని. గోరుతో గీకి చూస్తే పై కాగితంతో పాటు కిందిదీ చిరిగింది. భయపడి మానేశాను.

అప్పుడు మా చిన్నాన్నకు సంబంధం కుదిరింది. పిల్ల తరఫువాళ్ళు వి.కోట నుంచి ఇల్లు చూడడానికి వస్తామన్నారు. గోడలకు కొత్త పూత వేయించాలని మా తాతయ్య మేస్త్రీని మాట్లాడాడు. పేపర్లు తీసేస్తారని తెలిసి నేను నా కథ పోతుందని ఏడుస్తూ గోడకు ఆనుకుని కూర్చున్నాను, లేవనని.

మా తాతయ్య తిట్టలేదు. పక్కన కూర్చుని, "ఏం కథమ్మా అది?" అని అడిగాడు. ఆయనకు చదువు రాదు. అంతా విని, "దానికి యాల ఏడుస్తావు? నీళ్ళు పెట్టి బాగా నానబెట్టు. పై కాయితం దానంతటదే ఊడొస్తాది, కింద నీ కథ ఉంటాది" అన్నాడు.

"చినిగిపోదా తాతా?"

"నేను చెప్తాండాను కదమ్మా."

ఆ మాట చాలింది నాకు. బిందెతో నీళ్ళు తెచ్చి, గోనెపట్ట ముంచి, గోడంతా తడిపాను. ఆరిన చోట మళ్ళీ తడిపాను. కథ ఉన్న చోట మాత్రం అరచేత్తో మెల్లగా అద్దాను, నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

మేస్త్రీ వచ్చి బొటనవేలితో గోడను నొక్కి చూశాడు. "ఎవురప్పా ఇంత బాగా నానబెట్టింది? వెన్న మాదిరి ఉండాది."

"మా మనవరాలే. ఊరికే తడపమంటే తడుపుతాదా? కింద కథ ఉండాదని చెప్తిని" అన్నాడు మా తాతయ్య. ఇద్దరూ నవ్వారు.

మేస్త్రీ ఇనుపరేకుతో పైనుంచి కిందికి ఒక్క గీకు గీకాడు. ప్రకటన, కథ, ముసలామె అన్నీ కలిసి బూడిదరంగు ముద్దగా నేల మీద పడ్డాయి. నేను చేతులతో ఎత్తుకుని చూశాను. ఒక్క అక్షరం కూడా విడిగా లేదు.

"ఆ ఎద్దు వచ్చేసిందిలేమ్మా, ఆ ముసలామె ఇంటికి తోలుకొనిపోయింది" అన్నాడు మా తాతయ్య ఆ సాయంత్రం, నన్ను ఒళ్ళోకి లాక్కుంటూ. అంతవరకు ఆయన మాటను నేనెప్పుడూ అనుమానించలేదు. ఆ రోజు ఒళ్ళోంచి దిగిపోయాను.

పెద్దయ్యాక మదనపల్లె లైబ్రరీలో దొరికినదల్లా చదివాను. ఇల్లు కట్టడం గురించిన పుస్తకమూ చదివాను. కాగితం మీదా, వదులైన గార మీదా కొత్త పూత నిలవదట. తడిపి, గీకి, గట్టి గోడ తగిలేదాకా తీసి, గాట్లు పెట్టాలట. గోడ విషయంలో మా తాతయ్య చేసింది సరైనదే. కొడుకు పెళ్ళి చెడిపోకూడదన్న ఆయన ఆరాటమూ ఇప్పుడు నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాటే నాతో చెప్పి ఉండాల్సింది. నా చేతులతోనే నా కథను పోగొట్టించాడన్న బాధను ఏ పుస్తకమూ తీర్చలేదు.

ఇప్పుడు నా మనవరాలికి ఏదైనా పని చెప్పేటప్పుడు, అది నాకెందుకు కావాలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొన్నిసార్లు ఆ పిల్ల విని, "నేను చేయనవ్వా" అంటుంది. సరేనని నేనే లేచి చేసుకుంటాను.