ట్రేలో చూపించిన గడ్డ

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది వానాకాలంలో, కరీంనగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రివాళ్లు నన్ను ప్రసూతి వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా మార్చారు. చిన్నప్పుడు నాకు బడి లేదు. మా అవ్వ బైబిల్ ముందు పెట్టి ఇంట్లోనే చదవడం నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా రాసి నర్సింగ్‌లో చేరిన నాకు ఆ హోదా దేవుడిచ్చిందే అనుకున్నాను.

థియేటర్‌లో ఒక రివాజు ఉండేది. కడుపు కోసి ఏది తీసినా, ల్యాబ్‌కు పంపేముందు ట్రేలో పెట్టి గుమ్మం దగ్గర బంధువులకు చూపించాలి. లేకపోతే ఏం తీశారని, అసలు తీశారా అని తగాదాలు వచ్చేవి.

నేను చేరిన కొద్దిరోజులకే వేములవాడ దగ్గరి పల్లె నుంచి శ్రావణి అనే ఎనిమిదో తరగతి పిల్లను తెచ్చారు. పొట్ట ఎత్తుగా పెరిగింది. వెంట తల్లి, నాయనమ్మ. తండ్రి దుబాయిలో కూలి. పిల్ల కడుపుతో ఉందని ఊరు తేల్చేసింది, నాయనమ్మ బడి మాన్పించింది. తప్పేమీ లేదని తేలితే మళ్లీ పంపుదామని తండ్రి ఫోన్‌లో అన్నాడట. తల్లి ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చింది.

మూత్ర పరీక్షలో గర్భం లేదని తేలింది. స్కానింగ్‌లో కుడి అండాశయంలో డెర్మాయిడ్ కనిపించింది. అది క్యాన్సర్ కాని గడ్డ. అండాశయంలోని కణాలే, మగవాడి ప్రమేయమేమీ లేకుండా, ఒక సంచిలో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా పుట్టిస్తాయి. పసిపిల్లల్లోనూ వస్తుంది. మా గైనిక్ మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇది గర్భం కాదు, గడ్డ అని చెప్పారు. లోపల ఏముంటుందో చెప్పలేదు. చెబితే జడుసుకుంటారని ఆమె ఉద్దేశం.

"డాక్టరమ్మ గట్లనే అంటది. నా కండ్లతోని చూస్తెనే నమ్ముత," అంది నాయనమ్మ.

మేడం అండాశయాన్ని కాపాడి గడ్డను మాత్రం ఒలిచి తీశారు. రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉండదన్నారు. మనసులో స్తోత్రం చెప్పుకుని, రివాజు ప్రకారం ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర గుడ్డ తీశాను. జిడ్డులో చుట్టుకున్న నల్లటి జుట్టు, అంచున రెండు పళ్లు.

తల్లి గోడకు ఆనుకుంది. నాయనమ్మ నిదానంగా వంగి చూసింది.

"మనిషికి గాక గడ్డకుంటయా పండ్లు? ఎవలకు చెప్తున్నవ్ సిస్టరమ్మా, ఏడుగురిని కన్నదాన్ని."

మేడం బయటికొచ్చి పుస్తకంలో బొమ్మలు చూపించారు. పుట్టని బిడ్డకు పళ్లెలా వస్తాయని కూడా అడిగారు. పండ్లు మొలిచేదాక మోసినట్టుంది మహాతల్లి అని ముసలామె ఎదురు జవాబిచ్చింది. సాయంత్రానికి ఆ సంగతి దుబాయి చేరింది.

బయాప్సీ రిపోర్టు కోసం తల్లి ఒక్కతే వచ్చింది. చదివి వినిపించాను. పిండం కాదు, క్యాన్సర్ లేదు.

"కాయితం ఎవలు సదువుతరు సిస్టరమ్మా? ఆమె కండ్లతోని చూసింది, ఊరంత చెప్పింది. మా ఆయన గూడ బడి వద్దన్నడు. పోరిని భైంసల మా అక్క కాడికి తోలిన. పత్తి పనికి పోతది."

రిపోర్టు మడిచి కొంగులో కట్టుకుంది. నాకు దండం పెట్టి పోయింది.

నేను రిటైరయ్యేలోపు అలాంటి గడ్డలు ఇంకా వచ్చాయి. లోపల జుట్టుంటుందని, పళ్లుండొచ్చని మేడం ముందురోజే బొమ్మ గీసి చెప్పేవారు. ఆ తర్వాతే నేను గుడ్డ తీసేదాన్ని. కళ్లకు చూపించేముందు చెవిన వేయవలసింది వేయాలని అక్కడ నేర్చుకున్నాం. ఆ పాఠానికి ఖర్చయింది శ్రావణి చదువు.