సుబ్బరత్నమ్మ మూర

ఎవరైనా "అందరూ అంటున్నారు" అంటే "ఎవరెవరు?" అని అడిగే మనిషి సుబ్బరత్నమ్మ. హగరి ఏటి పక్క ఊళ్లో, మొగుడు పోయాక మిగిలిన ఎనిమిదెకరాల రేగడే ఆమెకు కూడు.

ఆ ఊరికో కట్టుబాటు ఉండేది. వాన పడ్డాక ఊరిపెద్ద గుంత తీయించి చెయ్యి దించుతాడు. మోచెయ్యి నేలకు ఆనేసరికి వేళ్లకు తడి తగిలితే మూరెడు పదును అయినట్టు. అప్పుడే అందరూ విత్తే గొర్లు కట్టాలి. ముందు కట్టినవాళ్ల చేలోకి కూలికి ఎవరూ పోరు.

ఊరిపెద్దగా ఉన్న నారప పొట్టివాడు. ఆయన పోయాక కొడుకు వెంకటరామి ఊరిపెద్ద అయ్యాడు. మనిషి తాడిచెట్టంత, చెయ్యీ అంతే. పైనుంచి దిగే తడి అంత పొడుగు చేతి వేళ్ల దాకా అందక రెండేళ్లు ఊరంతా అదను తప్పి విత్తి, తాలు జొన్న కోసుకుంది. దేవుడి మీద పడి ఏడ్చారే గాని, మూర మారిందని ఒక్క బుర్రకూ తట్టలేదు.

యాభై ఏడులో హస్త వాన పడిన మూడోనాడు వెంకటరామి గుంతలోంచి చెయ్యి తీసి, పొడిమన్ను దులుపుకుంటూ లేచాడు.

"ఇంగా కాలేదు."

సుబ్బరత్నమ్మ అదే గుంతలో తన మూర లోతుకు చెయ్యి దించి గోడను గీరింది. గోళ్లలోకి తడిమన్ను వచ్చింది.

"మీ నాయనదీ నాదీ ఒగటే మూరప్పా. పదును అయ్యిండాది."

"ముందు కడితే నీ కోతకు ఒక్క మనిషీ రాడత్తా."

"రాకుంటే మానె. పదును ఆరిపోతే యాడ నుంచి తెస్తావు?"

ఆమె సేద్యగాడు బసప్ప భయపడ్డాడు. "బేడమ్మా, కట్టొద్దు. ఊరితో మనకేల?"

"ఊరు తప్పు జెప్తే నేనూ తప్పు జెప్పల్లా? గొర్రు కట్టు."

కోతకు నిజంగానే ఎవరూ రాలేదు. ఆమే, బసప్పే కోశారు. చేతులు బొబ్బలెక్కి ఒంటరిగా ఏడ్చింది కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ ఏడు గింజ పట్టిన జొన్న ఆ ఒక్క చేలోనే.

మరుసటేడు హస్త వాన వెలిసిన నాడు వెంకటరామి పదిమందిని వెంటేసుకుని ఆమె గడప ముందుకొచ్చాడు.

"ఇంగ నీ మూరే ఊరి మూర. వచ్చి చెయ్యి పెట్టత్తా."

"నేను పోయినంక ఎవురి చెయ్యి కోసరం కాసుకోనుంటారప్పా?"

దొడ్లోంచి జొన్నదంటు తెచ్చి, మోచేతికి ఆనించి, వేలికొస దగ్గర విరిచి అతని చేతిలో పెట్టింది.

"ఇట్లాంటివి ఇంటికొగటి విరుసుకోండి. ఎవురి చేను వాళ్లు తవ్వి సూసుకోండి."

వెంకటరామి దంటును అటూ ఇటూ తిప్పాడు.

"మరి ముందు ఎవురు కట్టల్లత్తా?"

"తడి దొరికినోళ్లు."