ఎన్ని వేళ్ళు పోయాయి?

మామయ్య చేతిలో నిండు గ్లాసు లేకుండా పడవ ఎక్కడు. గొడుగు మరిచిపోతాడు, కళ్ళజోడు మరిచిపోతాడు, ఒకసారి చెప్పులు కూడా మరిచిపోయి రేవుకి వచ్చాడు. గ్లాసు మాత్రం మరవడు. స్టీలు గ్లాసు, అంచుదాకా నీళ్ళు. దాహం వేసి ప్రాణం పోతున్నా ఆ నీళ్ళు తాగడు, ఎవరినీ తాగనివ్వడు. పడవ దిగాక అంచు నుంచి నీళ్ళదాకా వేళ్ళు అడ్డంగా పెట్టి ఎంత ఒలికిందో కొలుస్తాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గ్లాసు మామయ్య అనేవాళ్ళు. ఆఖరికి ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా.

"పడవ మంచిచెడ్డలు రంగులో లేవు, ఇంజనులో లేవు. గ్లాసులో ఉన్నాయి. ఒక వేలు పోతే ఉయ్యాల. రెండు వేళ్ళు పోతే తిరగలి. మూడు పోయాయా, ఇక అది పడవ కాదు, రోకలి. నువ్వు అందులో పడ్డ గింజవి" అనేవాడు.

ముప్ఫై అయిదేళ్ళు పడవలు చేసిన వడ్రంగి కదా, ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? పనిలోంచి తప్పుకున్నాక ఈ పరీక్షలు మరీ ముదిరాయి. కొత్త పడవ నీళ్ళలోకి దిగితే చాలు, పిలిచినా పిలవకపోయినా గ్లాసుతో హాజరు. రేవు చివరిదాకా వెళ్ళి రమ్మనేవాడు, అంతే. పది నిమిషాలు తిరగకుండానే "చాలు, చాలు, తెలిసిపోయింది" అంటూ గబగబా దిగి, లెక్క రాసుకోవాలని రేవు పక్కన పడవల షెడ్డు వెనక్కి పరిగెత్తేవాడు. ఆ లెక్క షెడ్డు వెనకే ఎందుకు రాయాలో ఎవరూ అడగలేదు.

ఒకసారి ఒక పెద్దమనిషి కొత్త పడవ కొని, కొత్త చొక్కా తొడుక్కుని, ఊరందరినీ పిలిచి గొప్పలు చెప్పుకుంటున్నాడు. మామయ్య గ్లాసుతో ఎక్కి ఆయన పక్కనే కూర్చున్నాడు. రేవు చివర మలుపు తిరిగేసరికి గ్లాసులో మూడు వేళ్ళు పోయాయి. పోయిన మూడు వేళ్ళూ ఆ కొత్త చొక్కాలో ఉన్నాయి.

"ఇదేం పనయ్యా?" అన్నాడు పెద్దమనిషి.

"నన్నడుగుతారేం? మీ పడవనడగండి" అన్నాడు మామయ్య.

ఇంట్లో మాత్రం అత్తయ్య దగ్గర ఈ శాస్త్రం చెల్లేది కాదు. "ఉన్న గ్లాసులన్నిటికీ గీతలు గీసి పెట్టాడు. వచ్చిన వాళ్ళకి మంచినీళ్ళివ్వాలంటే చెంబు వెతుక్కోవాల్సి వస్తోంది. కొత్త కుర్చీ కొంటే దాని మీదా గ్లాసు పెట్టి ఊపి చూశాడు. ఇంకా నయం, పెళ్ళిచూపులకి గ్లాసు తెచ్చుకోలేదు" అని మేనకోడలితో మొరపెట్టుకునేది.

ఆ మేనకోడలికి అప్పుడే నర్సుగా మొదటి ఉద్యోగం వచ్చింది. పని ఎదురుగా ఉన్న దీవిలో, ఒకే గది, ఒకే మంచం ఉన్న ఆసుపత్రిలో. నాలుగు మైళ్ళ నీళ్ళు దాటాలి. అంతకు ముందు చేరిన నలుగురు నర్సులూ ఆ నీళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఈ పిల్ల అలాంటిది కాదు. రెండేళ్ళు అర్జీలు పెట్టుకుని తెచ్చుకున్న ఉద్యోగం, చచ్చినా వదలనని మామయ్య ఇంట్లో పెట్టె దించింది.

మొదటి రోజు పొద్దున పిచ్చుక ఎక్కింది. పిచ్చుక అంటే పద్దెనిమిది అడుగుల పడవ, ఇరవై నిమిషాల్లో దీవిలో దింపుతుంది. ఆ రోజు కొంచెం గాలి ఉంది. పిచ్చుక ప్రతి అల మీదకీ ఎగిరింది, ప్రతి అల వెనకా దభీమని పడింది. దీవికి చేరేసరికి నర్సమ్మ ముఖం పచ్చి అరటికాయలా ఉంది. ఆసుపత్రి బయట కూర్చున్న రోగులు ఆమెని చూసి గాభరాపడి, ఇద్దరు పట్టుకుని, ఒకరు విసనకర్రతో విసురుతూ, ఉన్న ఒక్క మంచం మీద పడుకోబెట్టారు. జ్వరంతో వచ్చిన ముసలాయన ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేశాడు.

సరిగ్గా అప్పుడే పై ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ తనిఖీకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఆసుపత్రి వాళ్ళ పెద్ద లాంచీలో వస్తుంది. గడప దగ్గరే నిలబడి, "ఇక్కడ నర్సు ఎవరు?" అంది.

"అదిగోండి, మంచం మీద" అన్నాడు ముసలాయన. "కాస్త మెల్లగా మాట్లాడండమ్మా, ఇప్పుడే కన్నంటుకుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇరవై రోజుల్లో మళ్ళీ వస్తాను. తొమ్మిదింటికల్లా మీరు కాళ్ళ మీద నిలబడి కనిపించాలి. మళ్ళీ మంచం మీద కనిపిస్తే ఈ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఈ సంగతి వినగానే మామయ్య గ్లాసు బల్ల మీద ఠంగుమని పెట్టాడు. "నన్నడక్కుండా పిచ్చుక ఎవరెక్కమన్నారే నిన్ను? పడవ అల కంటే పొట్టిదైతే ప్రతి గుంటలోకీ దిగుతుంది, ప్రతి గట్టూ ఎక్కుతుంది. పొడుగుదైతే రెండు మూడు అలల మీద ఒక్కసారే పడుకుంటుంది. పైగా బరువుండాలి. తేలిక పడవని అల బంతిలా ఎగరేస్తుంది. రేపటి నుంచి నువ్వు గేదెలో వెళ్ళు. కడుపులో చల్ల కదలదు."

గేదె అంటే అరవై అడుగుల సరుకుల పడవ. ఉల్లిపాయలు, రేకులు, సిమెంటు బస్తాలు, మధ్యలో నలుగురైదుగురు మనుషులు. మామయ్య చెప్పింది నిజమే, కడుపులో చల్ల కదల్లేదు. కానీ గేదె ఎనిమిదిన్నరకి బయల్దేరితే తొమ్మిదింబావుకి గానీ చేరదు. అంత పెద్ద పడవకి సరుకంతా వెనక ఉన్న ఇరుకు దారిలోంచే ఎక్కించాలి, అందుకే అంతకు ముందు కదలదు. వారం రోజులు ఆలస్యంగా వెళ్ళేసరికి దీవిలో గొణుగుడు మొదలైంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిచ్చుకలో వెళితే వేళకి చేరుతుంది, నిలబడలేదు. గేదెలో వెళితే నిలబడుతుంది, వేళకి చేరదు. ఆ రాత్రి అన్నం దగ్గర నర్సమ్మకి ఓపిక నశించింది.

"నీ గ్లాసుతో నా ఉద్యోగం ఊడేట్టుంది మామయ్యా. రేపటి నుంచి పిచ్చుకలోనే వెళతాను. వాంతులైతే అవనీ."

"ఒద్దే తల్లీ, అది రోకలి..."

"ఊరంతా నవ్వుతున్నారు నిన్ను చూసి. నాకెందుకు ఈ పిచ్చి లెక్కలు?"

మామయ్య కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నాక ఆమెకి బాధేసింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. అది మామయ్య పోలికే.

అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. నర్సమ్మ పిచ్చుకలో వెళ్ళి, దీవి రేవులో పావుగంట కళ్ళు మూసుకుని కూర్చుని, గోడ పట్టుకుని ఆసుపత్రికి నడిచేది. ఇక మామయ్య సంగతి అత్తయ్యకే అంతుపట్టలేదు. "పొద్దున్నే గ్లాసు పట్టుకుని పోతున్నాడు, మధ్యాన్నానికి సున్నం కొట్టినట్టు ముఖం వేసుకుని వస్తున్నాడు. అన్నం వద్దంటాడు. సాయంత్రమైతే రంపం, ఉలి సంచీలో వేసుకుని మళ్ళీ రేవుకే. అడిగితే పనుందంటాడు. పని మానేసి నాలుగేళ్ళయింది, ఇప్పుడు పనేమిటో!"

ఇరవయ్యో రోజు రానే వచ్చింది. తెల్లారేసరికే ఈదురుగాలి. నర్సమ్మ కిటికీలోంచి నీళ్ళ వంక చూసింది. తెల్లటి నురగ తప్ప ఏమీ కనిపించలేదు. ఇన్నాళ్ళకి వచ్చిన ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుని, కళ్ళు తుడుచుకుని, ఎనిమిదింటికి పది నిమిషాలుండగా రేవుకి చేరింది.

రేవులో పిచ్చుక ఇంకా నిద్రపోతోంది. గేదె మాత్రం సరుకంతా ఎక్కించుకుని, ఇంజను మోగిస్తూ నిలబడి ఉంది. దాన్ని నడిపే సరంగు ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"రావమ్మా నర్సమ్మా, నీ కోసమే! ఎనిమిదింటికి కదలకపోతే మీ మామయ్య నన్ను నీళ్ళలోకి తోస్తాడు."

"ఎనిమిదింటికా? సరుకు ఎక్కించడం అప్పుడే ఎలా అయింది?"

సరంగు పడవ పక్కకి చెయ్యి చూపించాడు. నడిమధ్యన కొత్త తలుపు. చెక్క ఇంకా తెల్లగా ఉంది. "మీ మామయ్య పది సాయంత్రాలు కూర్చుని కోశాడు. ఇప్పుడు బస్తాలు ఒడ్డు నుంచి నేరుగా లోపలికి. అరగంట కలిసొచ్చింది. కూలి ఇవ్వబోతే వద్దన్నాడు. ఎనిమిదింటికి కదలాలి, అదే నా కూలి అన్నాడు."

లోపల బల్లల వరసలో ఒక బల్ల మీద సుద్దతో ఇంటూ గుర్తు ఉంది. పడవ మధ్యకి కాస్త వెనగ్గా, కిందికి ఉన్న బల్ల. దాని ఎదురుగా మామయ్య, చేతిలో నిండు గ్లాసు.

"ఇంత గాలిలో పరీక్ష చెయ్యలేదు. అందుకని వచ్చాను. నీ కోసం కాదు" అన్నాడు పడవ పక్క చెక్కల వంక చూస్తూ.

గేదె కదిలింది. అలలు మీదకొచ్చాయి, గేదె ఒళ్ళు విరుచుకున్నట్టు కాస్త లేచింది, కాస్త దిగింది. ఇంటూ గుర్తు మీద కూర్చున్న నర్సమ్మకి కడుపులో ఏమీ తెలియలేదు. ముఖం పాలిపోయింది మాత్రం మామయ్యకి. పావుగంట గడిచేసరికి గ్లాసు ఆమె చేతిలో పెట్టి, "ఒలకనివ్వకు" అని చెప్పి, మూల ఉన్న బకెట్టు దగ్గరికి పరిగెత్తాడు.

నర్సమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"కొత్తేం కాదులే. ముప్ఫై అయిదేళ్ళు పడవలు చేశాడు గానీ, పది నిమిషాలు దాటితే ఆయన కడుపు ఆగదు" అన్నాడు సరంగు. "పడవల వడ్రంగికి పడవ పడదంటే పరువు తక్కువని దాచుకున్నాడు. ఈ రెండు వారాలూ బస్తాల చాటున కూర్చుని రోజూ వచ్చాడమ్మా. ఇరవై నాలుగు బల్లలున్నాయి, అన్నిటి మీదా కూర్చున్నాడు. అన్నిటి మీదా గ్లాసు కొలిచాడు. అన్నిటి మీదా వాంతి చేసుకున్నాడు. నీ బల్ల ఒక్కదాని మీదే తక్కువ చేసుకున్నాడు. అందుకే గుర్తు పెట్టాడు."

నర్సమ్మకి నవ్వొచ్చింది. నవ్వుకి గ్లాసు ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుంది.

"గ్లాసు వంక చూస్తే తిప్పుతుంది, దూరంగా ఒడ్డు వంక చూడు మేస్త్రీ, సర్దుకుంటుంది అని లక్షసార్లు చెప్పాను" అన్నాడు సరంగు.

బకెట్టు దగ్గర నుంచి మామయ్య తలెత్తాడు. "ఒడ్డు చూస్తూ కూర్చుంటే గ్లాసెవరు చూస్తారయ్యా?" అని మళ్ళీ తల దించాడు.

దీవి చేరేసరికి ఎనిమిదీ నలభై అయిదు. అంత గాలిలోనూ ఒకే ఒక వేలు పోయింది. నర్సమ్మ టకటకా నడిచి ఆసుపత్రి తాళం తీసింది. మామయ్య మాత్రం నడవలేకపోయాడు. జ్వరం తగ్గిన ముసలాయనే మళ్ళీ వచ్చి, అలవాటైన చేతులతో ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాడు.

తొమ్మిదింటికి డాక్టరమ్మ గడప మీదకొచ్చింది. నర్సు తెల్లటి బట్టల్లో నిటారుగా నిలబడి ఉంది. డాక్టరమ్మ మాత్రం తలుపు చెక్క గట్టిగా పట్టుకుని ఉంది. ముఖం పచ్చి అరటికాయ.

"లాంచీ మరమ్మతులో ఉంది. ఆ చిన్న పడవలో..." అని మాట పూర్తి చెయ్యలేకపోయింది.

మంచం మీద నుంచి మామయ్య ఒక కన్ను తెరిచాడు. "పిచ్చుక. మూడు వేళ్ళు. ముఖం చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. అని, నీరసంగానే లేచి, దిండు సర్ది, మంచం ఆవిడకిచ్చేశాడు.

అరగంట తర్వాత, నుదుటి మీద తడిగుడ్డతో పడుకునే డాక్టరమ్మ నర్సు ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మీరు ఏ పడవలో వచ్చారు?"

సాయంత్రం గేదెలో తిరుగు ప్రయాణానికి మామయ్య మొదటి ఇంటూ పక్కనే డాక్టరమ్మ కోసం రెండోది గీశాడు. ఆవిడ దర్జాగా కూర్చుంది. మామయ్య తన గ్లాసు అంచుదాకా నింపుకుని ఎదురుగా సర్దుకున్నాడు. గేదె రేవు దాటబోతోంది.

"మామయ్యా, ఆ గ్లాసిటివ్వు" అంది నర్సమ్మ.

"జాగ్రత్త, ఒలకనివ్వకు."

నర్సమ్మ గ్లాసు అందుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా, గటగటా మొత్తం తాగేసింది. మామయ్య గుడ్లప్పగించి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళు తాగిన మనిషి లేడు.

"ఎన్ని వేళ్ళు పోయాయే?" అన్నాడు ఆఖరికి, దిక్కుతోచక.

"అన్నీ పోయాయి. చూడ్డానికింకేం లేదు" అని, ఖాళీ గ్లాసు సంచీలో వేసుకుని, ఆయన గడ్డం పట్టుకుని ముఖం ఒడ్డు వైపు తిప్పింది. "అదిగో మన ఇల్లు. దాన్నే చూస్తూ కూర్చో."

ఆ రోజు బకెట్టు కడిగే పని సరంగుకి తప్పింది.