రాయి లేకపోయినా వంగుతారు

మా వీధిలో కుక్క కనబడితే జనం చేసే మొదటి పని కిందికి వంగడం. అక్కడ రాయి ఉందా లేదా అని కూడా చూడరు. ఊరికే వంగి, చెయ్యెత్తి, అది పారిపోతే నవ్వుకుంటూ పోతారు. ఏం సరదానో, ఏం పాడో!

ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద దొరికిన కుక్కపిల్లని నాచారంలో మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు దాని ఒంటి నిండా అలాంటి సరదాల గుర్తులే. కాస్త ఎదిగేసరికి ఎవరు వంగినా ఒళ్ళు తెలియకుండా మొరిగేది. బండి స్టాండు తీసేవాడు, చెప్పు సర్దుకునే ముసలాయన, అందరూ దాని కంటికి రాయి ఎత్తేవాళ్ళే. ఓసారి ముగ్గేస్తున్న పక్కింటావిడ మీదికి ఎగిరింది. కరవలేదు. అయినా మా ఇంటి ఓనరమ్మ ఆ రోజే మెట్లు దిగొచ్చి తేల్చేసింది.

"ఇంకోసారి గిట్ల జేస్తే కుక్కనన్న ఇడిసిపెట్టు, ఇల్లన్న ఖాళీ జెయ్యి."

ఎక్కడ విడిచిపెట్టాలి? మళ్ళీ ఆ మెట్రో కిందేనా?

పశువుల డాక్టరు చెప్పిన మాట పట్టుకున్నాను. అది కోపం కాదు, భయం. దూరంగా నిలబడండి, ఎవరైనా వంగితే అది మొరిగేలోపే నోటికి ముక్క అందించండి అన్నాడు. రోజూ పొద్దున్నే ఉడికించిన చికెన్ సంచిలో వేసుకుని, ఉప్పల్‌లో నేల మీద కూరగాయలు పోసి అమ్మేచోట, రోడ్డుకి ఇవతలే నిలబడేదాన్ని. అక్కడ టమాటాలు ఏరుకోవడానికి అందరూ వంగుతారు.

ఇక సలహాలు! "రెండు తగిలియ్యక్కా, నోర్మూసుకుంటది." "చికెన్ వెట్టి మొరుగుడు నేర్పుతున్నవా?" అడిగానా వీళ్ళని? ఒకాయనైతే దగ్గరికి రావద్దంటున్నా వినకుండా, "నన్నేమనది, కుక్కలకు నేనంటె మస్తు ఇష్టం" అంటూ మీదమీదికొచ్చాడు. అది మొరగ్గానే "గిదేం కుక్క" అని నన్నే తిట్టిపోయాడు. నెల్లాళ్ళ కష్టం గంగలో కలిసింది.

మళ్ళీ మొదలుపెట్టాను. మెల్లగా దూరం తగ్గించాను. ఇంట్లో నేనే వంగి, లేస్తూ ముక్క ఇచ్చేదాన్ని. వానలు తగ్గేనాటికి, ఎవరైనా వంగితే మొరగడం మాని నా మొహం చూసేది. ఇంకొన్నాళ్ళకి తోక కూడా ఊపింది. ఆ రోజు రోడ్డు మీదే దాన్ని వాటేసుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం మా గల్లీలో, పాల ప్యాకెట్లు పట్టుకొస్తున్న పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి వంగాడు. అది బుద్ధిగా కూర్చుంది. తోక ఊపుతూ ఆయన చేతివైపు ఆశగా చూసింది. ఆ చేతిలో నిజంగానే రాయి ఉంది. మూతి మీద తగిలింది.

అది మొరగలేదు. వచ్చి నా కాళ్ళ వెనక దూరింది. గల్లీ అంతా బయటికొచ్చేలా నేనే అరిచాను. "కూర్చున్న కుక్క నిన్నేం చేసిందయ్యా?"

"మీదికొస్తదేమో అనుకున్న. గంత లొల్లేందమ్మా, కుక్కకే గద తాకింది" అన్నాడాయన, చెయ్యి దులుపుకుంటూ. పైగా నాకే మర్యాద తెలియదట!

మర్నాడు పొద్దున గేటు దగ్గర ముక్క పట్టుకుని వంగాను. నా చెయ్యి చూసి అది గోడకి అంటుకుపోయింది. ఎంత పిలిచినా రాలేదు.

పై నుంచి ఓనరమ్మ చూసి మెచ్చుకుంది. "ఇప్పుడు మంచిగ నేర్చిందమ్మా. సప్పుడే జేస్తలేదు. ఉండనియ్యి."

ఉండనియ్యాలట! ఇక వంగే పని లేకుండా, దానికి కాస్త దూరంగా నేల మీదే కూర్చుండిపోయాను.