రెండో ఆటలో లేని పాట

మా చిన్నతనంలో ఇంట్లో ఒకరు సినిమాకి వెళ్లొస్తే ఇంటిల్లిపాదీ చూసినట్టే. వెళ్లొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని కథ చెప్పాలి, పాటలొచ్చిన చోట పాడాలి, ఫైటింగులొచ్చిన చోట చేతులు విసరాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. తేదీ అయినా, లెక్క అయినా, సీను అయినా ఒకసారి నా చెవిన పడితే మళ్లీ జారిపోదని నాకు పేరు. (కలిపి చెప్పే అలవాటు మా పిన్నిది. ఆవిడ చెబితే మూడో రీల్లో చచ్చినవాడు కూడా ఆఖరికి పెళ్లిపీటల మీద కూర్చునేవాడు.)

ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊరి హాలుకి ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. తుపాకీతో పాటు గిటారు కూడా వెంటేసుకుని గుర్రం మీద తిరిగే ఒక పశువుల కాపరి కథ. నేనూ పిన్నీ మ్యాట్నీకి వెళ్లాం. పిన్ని ఇంటర్వెల్ దాకా చూసి, తర్వాత హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాతే వచ్చింది అసలు సీను. మునిమాపు వేళ ఉరుము ఉరిమి ఆవుల మంద బెదిరిపోతుంది. కాపరి తుపాకీ తియ్యడు, గిటారు తీసి జోలపాట అందుకుంటాడు. దూడతో విడిగా నిలబడ్డ ఒక ఆవు తల ఎత్తి వింటుంది, దాన్ని చూసి మందంతా ఆగుతుంది. ఆ సాయంత్రం అరుగు మీద ఇదంతా చెప్పి, మాటలు రావు గనక రాగం మాత్రం తీసి పాడాను. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న మా బావ, మావయ్య కొడుకు, పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని అదే అరుగు ముందుకొచ్చాడు. రాత్రి రెండో ఆట చూశాడట. అందులో అలాంటి పాటే లేదట. "మన గేదె తెలుగు పాటకే తల తిప్పదు, ఆ ఆవు ఇంగ్లీషు పాటకి ఆగిందిటే?" అన్నాడు. అరుగంతా నవ్వింది. నిద్రపోయిన సాక్షి కూడా నవ్వింది. ఇంగ్లీషు సినిమాకి జనం వచ్చేది ఫైటింగుల కోసం. పాట వస్తే బెంచీల వాళ్లు గోల పెడతారు. గోల పెడితే హాలువాళ్లు తర్వాతి ఆటకల్లా ఆ ముక్క కత్తిరించేస్తారు. ఇది ఆ రోజుల్లో అన్ని హాళ్లలోనూ ఉన్న పద్ధతే. కానీ అది నాకు తెలిసింది చాలా ఏళ్లకి. అప్పుడు మాత్రం అన్నం తినకుండా పడుకున్నాను.

నేను చేసుకున్నది ఆ బావనే. కాపురంలో ఆయనకి నమ్మకం కుదరనిదల్లా ఆవు పాటే అయింది. పాలవాడు నీళ్లు కలపలేదని ఒట్టేస్తే ఆవు పాట. చుట్టాలు రేపే వెళ్లిపోతామంటే ఆవు పాట. కత్తిరింపుల సంగతి చెబితే, "రుజువేదీ?" అనేవారు. మా అబ్బాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో ఆ సినిమా వీడియో క్యాసెట్టు సంపాదించి తెచ్చాడు. పాట అందులోనూ లేదు. ఎవరో దాన్నీ కత్తిరించేశారు. ఆయన ఆ పూట రెండుసార్లు కాఫీ అడిగి తాగారు.

ఇప్పుడు మేముండేది మెల్బోర్నులో, పాయింట్ కుక్ అనే పేటలో, అబ్బాయి దగ్గర. ఇక్కడ చెత్తకి రంగురంగుల మూతల డబ్బాలు. ఒక వారం పసుపు మూతది, ఒక వారం ఆకుపచ్చ మూతది వాకిట్లో పెట్టాలి. ఏ వారం ఏదో చెప్పడం వచ్చిన దగ్గర్నుంచీ నా పని. ఈ మధ్య అబ్బాయి అదంతా ఫోన్లోకి ఎక్కించాడు. రాబోయేది పసుపు వారమని నేనంటే ఫోను ఆకుపచ్చ అంది. "అమ్మా, ఈ వయసులో మర్చిపోవడం నార్మలే. నువ్వు స్ట్రెస్ తీసుకోకు, ఫోన్ చూసుకుంటుంది," అన్నాడు ప్రేమగా. తిట్టినా బాగుండేది. ఆయన పేపరు చాటునుంచి, "ఆవు పాట," అన్నారు.

ఆ వారమే మా పేట లైబ్రరీలో పుస్తకాలు తిరిగిచ్చి వస్తూ డిస్కుల అర వైపు చూశాను. అట్ట మీద అదే టోపీ, అదే గుర్రం. పాడైపోయిన ప్రింటును బాగుచేసి, పోయిన ముక్కలన్నీ వెతికి అతికించి కొత్తగా వేశామని రాసి ఉంది. ఇంటికొచ్చేదాకా దాన్ని సంచీలో పెట్టబుద్ధి కాలేదు, చేత్తోనే పట్టుకున్నాను. మా ఇంట్లో డిస్కు మింగగలిగేది మనవరాలి ఆటల మెషీను ఒక్కటే. "సండే ఆర్వో పెడతా నానమ్మా," అంది. (ఆర్వో అంటే మధ్యాహ్నం. ఇక్కడివాళ్లకి పూర్తి మాట పలికే ఓపిక ఉండదు.)

ఆదివారం ఆయన చేతులు కట్టుకుని జడ్జీగారిలా కూర్చున్నారు. అబ్బాయి మూలకి చేరి లాప్‌టాప్ తెరిచాడు. గుర్రాలు పరిగెత్తాయి, తుపాకులు పేలాయి. ఇందులోనూ లేకపోతే ఇక ఈ ఇంట్లో నా మాటకి విలువేముంటుంది? అంతలో ఉరుము ఉరిమింది. మంద బెదిరింది. అతను గిటారు తీశాడు.

మొదటి వరుస అతను పాడాడు. రెండో వరుస అతనికంటే ముందు మా అబ్బాయి అందుకున్నాడు, లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే, ఊఁ ఊఁ అంటూ, తు.చ. తప్పకుండా.

"డాడ్, హౌ డు యూ నో దిస్?" అంది మనవరాలు.

వాడు ఆగిపోయి నా వైపు చూశాడు. "ఇది... అమ్మ నన్ను పడుకోబెట్టే పాట," అన్నాడు.

అవును మరి. వాడికి మూడేళ్లొచ్చేదాకా నేను పాడిన జోల అదే. రుజువు రుజువని అన్నేళ్లు వెతికాను. అది నా ఇంట్లోనే పెరిగి పెద్దదై, ఉద్యోగం చేసుకుంటోంది. తెర మీద దూడ పక్కన ఆవు తల ఎత్తింది. మందంతా నిలిచింది. నేను ఆయన వైపు తిరగలేదు. తిరగాల్సిన అవసరం ఆయనది.

ఆయనే ఇటు తిరిగి, "ఆగిందేవోయ్," అన్నారు. మళ్లీ కాస్త ఆలోచించి, "ఇంగ్లీషు ఆవు కదా, అర్థమై ఉంటుందిలే," అన్నారు. ఆ పూట కాఫీ ఆయనే పెట్టి తెచ్చారు. చక్కెర ఎక్కువైంది, అయినా అడుగంటా తాగాను.

డబ్బాలు పెట్టే సాయంత్రం ఫోను యథాప్రకారం ఆకుపచ్చ అంది. మనవరాలు దాని నోరు నొక్కేసి, "నానమ్మ సేస్ యెల్లో. దట్స్ ఆవు పాట, డాడ్," అంది. ఆవు పాటంటే మనవరాలికి తెలిసిన అర్థం అది ఒక్కటే: ఎవరూ నమ్మని నిజమని. అబ్బాయి పసుపు మూత డబ్బా ఈడ్చుకెళ్లి వాకిట్లో పెట్టాడు. అది చూసి ఎదురింటివాళ్లు తాము పెట్టిన ఆకుపచ్చది లోపలికి లాక్కుని పసుపుది తెచ్చారు. వాళ్లని చూసి పక్కవాళ్లు. తెల్లారేసరికి వీధి పొడుగునా పసుపు మూతలే. పసుపు మూతల లారీయే వచ్చి అన్నిటినీ ఖాళీ చేసి పోయింది.

కిటికీ దగ్గర నిలబడి అది చూస్తుంటే, అరుగు మీద మొహం ముడుచుకుని అన్నం వద్దని లేచిపోయిన ఆ ఎనిమిదో తరగతి పిల్ల గుర్తొచ్చింది. పిలిచి కూర్చోబెట్టి ఒక ముద్ద కలిపి పెడదామనిపించింది. చాలా ఆలస్యమైందే పిల్లా, కానీ మళ్లీ మొదట్నుంచీ చెప్పు, ఈసారి అందరం వింటాం.